నిద్రలో మూతపడని కన్ను

రెండువేల అయిదు జూన్‌లో, సికింద్రాబాద్‌లోని ఒక కంటి ఆసుపత్రి కొత్తగా పెట్టిన కణవర్ధన ప్రయోగశాలకు నన్ను సీనియర్ టెక్నాలజిస్టుగా తీసుకున్నారు. మాది విజయనగరం వైపు. అప్పటికి పద్నాలుగేళ్ళుగా టీకాలు తయారుచేసే చోట పనిచేస్తూ వచ్చాను. అక్కడ కణాలను పెద్ద గాజుసీసాల్లో పెంచేవాళ్ళం. ఎన్ని ఎక్కువ పెరిగితే పని అంత బాగా జరిగినట్టు. ఆ అలవాటుతోనే ఈ ఉద్యోగంలో చేరాను.

ప్రయోగశాల మూడో అంతస్తు చివర ఉండేది. కిటికీలకు రెండేసి అద్దాలు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి గాని మాకు వాన కనిపించేదే తప్ప వినిపించేది కాదు. అప్పట్లో నేనుండే యాప్రాల్ నుంచి బస్సులో తడుస్తూ వచ్చి, చెప్పులు విడిచి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తలకూ నోటికీ పాదాలకూ తొడుగులు వేసుకుని, రెండు తలుపులు దాటి లోపలికి వెళ్ళేసరికి బయటి లోకం ఎక్కడో నీళ్ళ అడుగున ఉండిపోయినట్టు అనిపించేది. లోపల ఇన్‌క్యుబేటర్ సన్నని రొద ఒక్కటే. ఆ పెట్టెలో ఎప్పుడూ ఒంటి వెచ్చదనమే, ముప్పై ఏడు డిగ్రీలు. దాని తలుపు తెరిచిన ప్రతిసారీ నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరి తగిలినట్టు ఉండేది.

మా పనేమిటో చెప్పాలంటే ముందు కన్ను గురించి నాలుగు మాటలు చెప్పాలి. నల్లగుడ్డు మీద గాజులా స్వచ్ఛమైన పొర ఒకటి ఉంటుంది, అది కార్నియా. దాని పైవరస కణాలు రోజూ రాలిపోతుంటాయి, రోజూ కొత్తవి వస్తుంటాయి. కొత్తవి పుట్టే చోటు నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచు. డాక్టర్లు దాన్ని లింబస్ అంటారు. అక్కడ వేలిముద్రల్లాంటి సన్నని మడతలుంటాయి. ఆ మడతల అడుగున, నీడలో, మూలకణాలు ఉంటాయి. వాటి పక్కనే సన్నని రక్తనాళాలు, నరాలు, కింద పరిచిన మెత్తని పొర, కాపలాగా వేరే జాతి కణాలు. ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఊరుకోవాలో మూలకణానికి చెప్పేది ఈ ఇరుగుపొరుగే. పాత ఇళ్ళలో దీపం కోసం గోడలో గూడు వదిలేవారు. గాలి కొట్టకుండా, మసి పట్టకుండా దీపం అందులో ఉండేది. మూలకణం ఉండే చోటుకు ఇంగ్లీషులో వాడే ‘నిచ్’ అనే మాటకు అర్థం కూడా అదే, గోడలోని గూడు.

సున్నమో క్షారమో కంట్లో పడితే ఈ గూడు కాలిపోతుంది. అప్పుడు తెల్లగుడ్డు మీది చర్మం రక్తనాళాలతో సహా కార్నియా మీదకు పాకుతుంది. చూపు మసకబారుతుంది. దానికి మేం చేసే చికిత్స ఇది: బాగున్న రెండో కంటి అంచు నుంచి బియ్యపుగింజలో సగం కూడా లేని ముక్క తీస్తారు. దాన్ని మేం ఇంకా చిన్నచిన్న తునకలు చేసి, ఉల్వపొర మీద పెడతాం. ఉల్వపొర అంటే కాన్పులో బిడ్డ చుట్టూ ఉండే పొర. తల్లి అనుమతితో తీసుకుని, పరీక్షలు చేసి, గడ్డకట్టించి దాచి ఉంచేవాళ్ళం. రోగి రక్తం నుంచే తీసిన సీరం కలిపిన పోషకద్రవంలో ఆ తునకల నుంచి కణాలు బయటికి పాకుతూ, పదిహేను రోజుల్లోపు పొరంతా నిండుతాయి. ఆ పొరను సర్జన్ దెబ్బతిన్న కంటి మీద పరుస్తారు.

ప్రయోగశాలలో పేర్లుండవు, బ్యాచి నంబర్లే. రోగులను మేం చూడం. ముక్క వస్తుంది, పొరగా మారి వెళ్ళిపోతుంది. అది నియమం.

ఏడో బ్యాచి నాకు బాగా గుర్తు. రెండో రోజు ఉదయమే మైక్రోస్కోపులో తునక అంచు చుట్టూ మబ్బులాంటి వెలుగు కనిపించింది. నాలుగో రోజుకు కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని బండలు పరిచిన వీధిలా సాగాయి. రోజూ వెళ్ళగానే మొదట ఆ కణాలు పెరిగే గిన్నె తీసి చూసేదాన్ని. చూస్తూ చూస్తూ, ఆ వీధి వెంట నేనే నడిచి వెళుతున్నట్టు ఉండేది. పదకొండో రోజుకు ఎక్కడా ఖాళీ లేదు. అంత చక్కని పొరను అప్పటిదాకా చూడలేదని బ్యాచి కార్డులో రాయలేదు గాని, రాయాలనిపించింది.

ఆపరేషన్ జరిగిన ఆరు వారాలకు కార్నియా విభాగాధిపతి డాక్టర్ శ్రీహరి గారు పిలిపించారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. గొంతు తగ్గేకొద్దీ కోపం పెరిగిందని లెక్క.

“ఏడో బ్యాచి పొర కరిగిపోయింది. కన్ను మళ్ళీ పుండులా తయారైంది” అన్నారు. “నా ఆపరేషన్‌లో లోపం లేదు. మీ కల్చర్‌లో చూడండి. కారణం తేలేదాకా కొత్త బ్యాచి మొదలుపెట్టవద్దు.”

అప్పటికే మరో ఇద్దరికి తేదీలు ఇచ్చి ఉన్నారు. ఆ తేదీలు కొట్టేశారు. కారణం తేలకపోతే ప్రయోగశాలే మూసేస్తారని ఆఫీసులో అనుకోవడం నా చెవిన పడింది.

పన్నెండు రోజులు వెతికాను. ఇన్‌క్యుబేటర్ ఉష్ణోగ్రత పట్టీ, సీరం పరీక్షలు, ఉల్వపొర ఇచ్చిన తల్లి కాగితాలు, సూక్ష్మజీవులు చేరలేదని చెప్పే నివేదికలు, ఆ బ్యాచిలో దాచి ఉంచిన నమూనా, అన్నీ తిరగేశాను. ఎక్కడా చిన్న మచ్చ లేదు. తప్పు దొరికి ఉంటే బాగుండునని కూడా అనిపించింది. తప్పు లేకుండా చెడిపోయిన పనిని ఎలా సరిదిద్దాలో నాకు తెలియదు.

పదమూడో రోజు మధ్యాహ్నం, అడగవలసినవాళ్ళను అడక్కుండానే రెండో అంతస్తులో ఆడవాళ్ళ వార్డుకు వెళ్ళాను. ఏడో బ్యాచి మనిషిని మందులు వేయడానికి మళ్ళీ చేర్చుకున్నారని తెలుసు. ఎందుకు వెళ్ళానో అప్పుడు చెప్పమంటే చెప్పలేకపోయేదాన్ని. నేను పెంచిన కణాలు పోయిన చోటును ఒకసారి చూడాలనిపించింది, అంతే.

రెండు దాటింది. భోజనాలయ్యాయి. బయట ముసురు. పచ్చని తెరల మీదుగా వచ్చే వెలుతురులో వార్డంతా చెరువు అడుగులా ఉంది. మంచాల మీద అందరూ నిద్రలో ఉన్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఏడో బ్యాచి నంబరు చీటీ ఉన్న కిటికీ పక్క మంచం మీద నలభై దాటిన సన్నని మనిషి వెల్లకిలా పడుకుని ఉంది. దుప్పటి మీద మూసిన బైబిలు, దాని మీద కళ్ళజోడు. చుక్కలమందు వేసే వేళ కావడంతో కంటికి కట్టే ప్లాస్టిక్ డొప్ప తీసి పక్కన పెట్టారు.

ఎడమ కన్ను మూసి ఉంది. కుడి కన్ను నన్ను చూస్తోంది.

నేను తడబడి, “క్షమించండి, లేపేశానా” అన్నాను. ఆమె పలకలేదు. ఊపిరి నిదానంగా సాగుతూనే ఉంది. అప్పుడు అర్థమైంది, ఆమె నిద్రలోనే ఉంది. కుడి పైరెప్ప సగం దాకా వచ్చి ఆగిపోయింది. దాని కింద ఎర్రని కన్ను నెలవంకలా తెరుచుకుని ఉంది. నేరుగా పైన ఫ్యాను. కంటి మీద తడి లేదు. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎవరో కలలోంచి నన్ను చూస్తున్నట్టూ, వాళ్ళ కలలోకి నేనే అనుమతి లేకుండా వచ్చినట్టూ అనిపించింది.

వెనకనుంచి ఆయా యాదమ్మ వచ్చింది. బొల్లారం నుంచి వచ్చేది, ఆ వార్డులో చాలా ఏళ్ళుగా ఉన్న మనిషి.

“టీచరమ్మ గట్లనే పండుకుంటది మేడం” అంది మెల్లగా. “ఆ కన్ను మూసుకోదు. మెలకువుంటే మూస్తది, నిద్రవోతే తెర్సుకుంటది.”

“ఎప్పటినుంచి?”

“మొదలు వచ్చినప్పటి సంది. డొప్ప కట్టేటప్పుడు నేనే చూస్త గద.”

“డాక్టరు గారికి చెప్పలేదా?”

యాదమ్మ నా వైపు కొంచెం ఆశ్చర్యంగా చూసింది. “నన్నెవరు అడిగిన్రు మేడం? సార్లు రౌండుకొస్తే నేను బయట నిలవడ్త.”

ఆ సాయంత్రమే డాక్టర్ శ్రీహరి గారి గదికి వెళ్ళాను. ఆసుపత్రిలో హోదాల వరసలో టెక్నాలజిస్టు విభాగాధిపతికి రోగి పరీక్ష గురించి చెప్పడం అంటే గుమాస్తా జడ్జికి తీర్పు చెప్పడం లాంటిది. చూసింది చూసినట్టు చెప్పి, నిద్రలో తెరిచి ఉండి ఎండిపోయే కంటి మీద పొర ఎలా నిలుస్తుందని అడిగాను.

“ఆమెను కళ్ళు మూయమని నేను ఎన్నోసార్లు అడిగాను. మూసింది. కేసు షీటులో ఉంది” అన్నారు.

“మెలకువగా ఉన్నప్పుడు మూశారండి. మీరు అడిగారు కాబట్టి గట్టిగా మూశారు.”

“మీ పని మూడో అంతస్తులో కదా.”

“అవునండి. అక్కడ వెతికాను. అక్కడ లేదు.”

ఆయన వెళ్ళమని చెయ్యి ఊపారు. ఉద్యోగం పోతుందనుకున్నాను. బస్సులో ఇంటికి వెళుతూ, తిరిగి టీకాల పనికి పోవాలంటే ఎవరిని అడగాలా అని ఆలోచించాను.

మర్నాడు మధ్యాహ్నం యాదమ్మే పైకి వచ్చి, అద్దం అవతల నిలబడి నన్ను చేత్తో పిలిచింది. కిందికి వెళ్ళి చూస్తే, డాక్టరు గారు ఆ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒక్కరే. ఆమె నిద్రపోతోంది. ఆయన చేతులు కట్టుకుని ఆ కంటినే చూస్తున్నారు. ముసురు పట్టిన ఆకాశం, ఫ్యాన్ల చప్పుడు, అందరూ నిద్రలో ఉన్న గదిలో మెలకువగా ఒక్క మనిషి. ఇరవై నిమిషాలు అలాగే కూర్చున్నారు. లేచి, ఫ్యాను కట్టేసి, ఆ పైరెప్పను వేలితో నెమ్మదిగా కిందికి దించి చూశారు. అది రాలేదు. పైరెప్ప లోపలి మచ్చ బిగుసుకుని రెప్పను పైకి లాగి పట్టుకుంది, మెలకువలో బలంగా మూస్తే తప్ప కిందికి రాదు. కేసు షీటులో ఏదో రాసి, నా వైపు తిరిగి, “కొత్త బ్యాచిలు మొదలుపెట్టుకోండి” అన్నారు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. నేను ఆశించలేదు కూడా.

ఆ తర్వాతే ఆమె పేరు నాకు తెలిసింది. కరుణ టీచరు. వాళ్ళ నాన్నగారు కోస్తా నుంచి మిషన్ బడిలో పంతులుగా వచ్చి స్థిరపడ్డారు. ఆమె రాంగోపాల్‌పేట్‌లో ఒక పాత ఇంటి మేడ మీద ఉంటూ, ఆడపిల్లల బడిలో రసాయనశాస్త్రం ల్యాబు చూసేది. కాస్టిక్ సోడా కలుపుతుండగా గాజు పగిలి కంట్లో చిమ్మింది. ఒంటి కంటితో లోతు తెలియదు కాబట్టి బడివాళ్ళు ఆమెను లైబ్రరీకి మార్చారు.

“లైబ్రరీ మంచిదేనండి, ప్రశాంతంగా ఉంటుంది” అని ఒకరోజు నాతో అంది. “కానీ పిల్లల చేతిలో సీసా ఉన్నప్పుడు పక్కన నేను ఉండాలి. అదే నా పని. ఇప్పుడు నీళ్ళు పోసుకున్నా గ్లాసు పక్కన పోస్తున్నాను.”

కన్ను విషయంలో ఇక తొందరపడలేదు. మచ్చను విడదీసి, పెదవి లోపలి నుంచి పలచని పొర తీసి రెప్ప లోపల అతికారు. రెప్ప పూర్తిగా కిందికి రావడానికి నెల పట్టింది. తర్వాత ఎరుపు తగ్గేదాకా, కంట్లో తడి నిలిచేదాకా మరో నాలుగు నెలలు మందులతో ఆగారు. ఆ నెలల్లో డాక్టరు గారు పైకి వచ్చినప్పుడల్లా కణాల గురించి అడగడం మానేసి, కణాలకు కింద ఏముండాలో మాట్లాడేవారు. ఆయన చెప్పగా నేను తెలుసుకున్నదేమంటే, మేం ఉల్వపొర మీద ఇస్తున్నది తాత్కాలికమైన పక్క మాత్రమే. కంటి మీదకు వెళ్ళాక కణం అక్కడి పొరుగునే నమ్ముకోవాలి. అక్కడ తడి ఆరిపోయి మంట ఉంటే, ఎంత ఆరోగ్యమైన మూలకణమైనా తన స్వభావం మరిచి మామూలు కణంగా మారి రాలిపోతుంది.

రెండోసారికి అసలు చిక్కు వేరే ఉంది. ముక్క మళ్ళీ ఆ మంచి కంటి నుంచే తీయాలి. ఆమెకు ఉన్నది అదొక్కటే. డాక్టరు గారు ప్రమాదం చిన్నదేనని చెప్పి, చిన్నదైనా ప్రమాదమేనని కూడా చెప్పారు. ఆమె వారం గడువు అడిగింది. ఆ వారంలో నాకు మనసు నిలవలేదు. మొదటిసారి పొర పోయినప్పుడు నేను వెతికింది నా ప్రయోగశాల పరువు కోసం. ఈసారి పోతే పోయేదేమిటో నాకు కనిపిస్తూ ఉంది.

వారం తర్వాత ఆమె వచ్చి సంతకం పెట్టింది. “ప్రార్థన చేసుకున్నానండి. జవాబేం రాలేదు. అందుకని నేనే నిర్ణయించుకున్నాను” అంది.

పందొమ్మిదో బ్యాచి మెల్లగా కదిలింది. ఈసారి ముక్క చిన్నది తీశారు. మూడు రోజులు ఏమీ కనిపించలేదు. నాలుగో రోజున ఒక అంచు నుంచి మాత్రం నాలుగు కణాలు బయటికి వచ్చి, సందేహిస్తున్నట్టు ఆగాయి. నేను రోజు విడిచి రోజు ద్రవం మారుస్తూ, అనవసరంగా గిన్నెను కదిలించకుండా, చూడాలనిపించినా తలుపు తీయకుండా ఉన్నాను. అంతకన్నా చేయగలిగింది లేదు. తొమ్మిదో రోజుకు సగం నిండింది.

పదో రోజున ఒక నియమం సడలించమని డాక్టరు గారిని అడిగాను. ఆయన సరే అన్నారు. మైక్రోస్కోపుకు కెమెరా ఉండేది. బొమ్మ బయటి గదిలోని టీవీ మీద పడుతుంది. కరుణ టీచరును ఆ గదిలో కూర్చోబెట్టి, లోపల నేను గిన్నెను వెలుగులో పెట్టాను. అద్దం అవతల ఆమె తన ఎడమ కంటితో తెరను చూస్తోంది. బూడిదరంగు వెలుగులో కణాలు ఒకదాని భుజం ఒకటి ఆనుకుని అలా పరుచుకుని ఉన్నాయి.  నేను గిన్నెను కదపకుండా అలాగే ఉంచాను. తర్వాత నేను బయటికి వచ్చాక అంది:

“ఉదయం ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఉన్నాయండి. ఎవరూ ఎవరినీ తోసుకోవడం లేదు.” తన ఎడమ కంటి వైపు వేలు చూపించి, “ఇవి ఏ కంటివో ఆ కంటితోనే చూశాను కదా” అంది.

పదమూడో రోజు పొర వెళ్ళింది. ఈసారి ఆరు వారాలు నేను ప్రయోగశాలలో ఎదురుచూడలేదు. వారానికొకసారి రెండో అంతస్తుకు దిగాను. కంటి ఎరుపు పోయింది. పొర నిలిచింది. రక్తనాళాలు అంచు దగ్గరే ఆగిపోయాయి. కార్నియా లోపలి మచ్చ వల్ల చూపు పూర్తిగా రాలేదు. ముందు ఎదుటి మనిషి వేళ్ళు లెక్కపెట్టడం కూడా కష్టమైన కంటితో, చార్టులో నాలుగు వరసలు చదివింది. ఎడమ కంటికి ఏ హానీ జరగలేదు. తర్వాతి విద్యాసంవత్సరం నుంచి ఆమెను తిరిగి ల్యాబుకు తీసుకున్నారు.

ఆ ఏడాది చివర్లో డాక్టర్ శ్రీహరి గారు మా పరీక్ష ఫారంలో ఒక కొత్త గడి చేర్చారు: ‘రోగిని నిద్రలో చూశారా, రెప్పలు పూర్తిగా మూతపడ్డాయా.’ ఆ గడి నింపకుండా ముక్క తీయకూడదు, నేను తీసుకోకూడదు. కింద చూసినవారి సంతకం. మొదటి ఫారం మీద సంతకం చేయమని యాదమ్మను పిలిచారు.

“నేనెందుకు సార్, నేను నర్సును గాదు” అంది యాదమ్మ.

“చూసేది నువ్వే కదమ్మా” అన్నారు ఆయన.

యాదమ్మ ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. ఆ ఫారం నా ఫైలులో చేరింది.

రెండువేల పదమూడులో రిటైరయ్యేదాకా ఆ ప్రయోగశాలలోనే పనిచేశాను. తర్వాత వచ్చిన జూనియర్లకు మొదటి వారం మైక్రోస్కోపు చూపించలేదు. రెండో అంతస్తుకు పంపాను. అక్కడ ఏం చేయాలని అడిగితే, మధ్యాహ్నం పూట వార్డులో కూర్చోమనేదాన్ని. కణాన్ని పెంచడం నేర్పితే వచ్చే పని. నేను మొదట నేర్చుకున్నది అదే, దాన్ని మొత్తం పని అనుకున్నాను. మంచి కణం అనేది సగం మాటే. అది ఎక్కడ ఉండబోతోందో అడిగాకే ఆ మాట పూర్తవుతుంది. ఆ సంగతి తెలుసుకోవడానికి నేను పన్నెండు రోజులు తప్పు చోట వెతికాను. ఆ పన్నెండు రోజులూ జవాబు నా గదికి ఒక అంతస్తు కింద, అడిగేవాళ్ళు లేక, తలుపు బయట నిలబడి ఉంది.